పాత కంప్యూటర్‌తో హ్యామ్ రిపీటర్ కంట్రోల్ చేయడం: ఎస్‌వీఎక్స్‌లింక్, సీరియల్ పోర్ట్, కొంచెం సోల్డరింగ్

హ్యామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని అభిరుచిగా నడిపే రేడియో) రిపీటర్ పెడదాం అనుకునే వాళ్ళు ముందు అడిగేది కంట్రోలర్ బోర్డు ఎక్కడ దొరుకుతుంది అని. బయట దేశం నుంచి తెప్పించుకుంటే రేటు, కస్టమ్స్, పైగా పాడైతే బాగుచేసేవాడు దొరకడు. నన్నడిగితే బోర్డు అక్కర్లేదు, మూలన పడున్న డెస్క్‌టాప్ గానీ సెకండ్‌హ్యాండ్ థిన్ క్లయింట్ (ఆఫీసుల్లో వాడే చిన్న డబ్బా కంప్యూటర్) గానీ ఉంటే ఆ పనంతా అదే చేస్తుంది, ఇంకా ఎక్కువే చేస్తుంది. అయితే ఒక విషయం ముందే చెప్పేస్తా, ఈ పోస్ట్ మొత్తం దాని చుట్టూనే ఉంటుంది: కంప్యూటర్ బాగా నడుస్తున్నప్పుడు రిపీటర్‌ని నడపడం తేలిక, కంప్యూటర్ హ్యాంగ్ అయినప్పుడు ట్రాన్స్‌మిటర్ తనంతట తాను ఆగేలా కట్టుకోవడమే అసలు పని. సాఫ్ట్‌వేర్ అందరూ ఇన్‌స్టాల్ చేస్తారు గానీ ఈ రెండోది చాలామంది తర్వాత చూద్దాంలే అని వదిలేస్తారు, అప్పుడు ఏదో ఒక అర్ధరాత్రి క్యారియర్ (ట్రాన్స్‌మిటర్ పంపే రేడియో తరంగం) లేచి పొద్దున దాకా దిగదు, ఆ ఫ్రీక్వెన్సీ మీద ఎవ్వరూ మాట్లాడలేరు, టవర్ తాళం ఎవరి దగ్గరుందో వెతుక్కోవాలి.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. రిపీటర్ అంటే ఒక ఫ్రీక్వెన్సీ మీద విని అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీ మీద పంపే స్టేషన్. మనకి 2 మీటర్ల బ్యాండ్ 144 నుంచి 146 మెగాహెర్ట్జ్, వినే ఫ్రీక్వెన్సీకి పంపే ఫ్రీక్వెన్సీకి మధ్య తేడా 600 కిలోహెర్ట్జ్, అంటే ఇన్‌పుట్ 145.100 అయితే అవుట్‌పుట్ 145.700 అన్నమాట. హ్యాండీ (చేతి రేడియో) పట్టుకుని ఊళ్ళో తిరిగేవాడి 5 వాట్లు ఎత్తు మీదున్న యాంటెన్నాకి చేరితే చాలు, అక్కడి నుంచి చుట్టుపక్కల మండలాలన్నిటికీ వినపడుతుంది. కంట్రోలర్ చేసే పని ఏంటంటే రిసీవర్‌లో సిగ్నల్ వచ్చిందా లేదా చూడటం, వస్తే పీటీటీ (ట్రాన్స్‌మిటర్‌ని ఆన్ చేసే బటన్) నొక్కడం, ఆడియో అటు నుంచి ఇటు పంపడం, కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) చెప్పడం, ఎవరైనా ఎక్కువసేపు మాట్లాడితే కట్ చేయడం, మనం కీప్యాడ్ మీద కొట్టిన కోడ్‌లు వినడం. ఇంతే.

లైసెన్స్ సంగతి కూడా ఇక్కడే. మన దేశంలో మామూలు ఆపరేటర్ లైసెన్స్ ఉంది కదా అని రిపీటర్ ఆన్ చేసేయకూడదు, డబ్ల్యూపీసీ (కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ లైసెన్సుల విభాగం) దగ్గర రిపీటర్‌కి విడిగా పర్మిషన్ తీసుకోవాలి, ఫ్రీక్వెన్సీ, ఎక్కడ పెడుతున్నారు, పవర్ ఎంత, అన్నీ అందులో ఉంటాయి. క్లబ్ తరఫున వెళ్తే నయం. హైదరాబాద్‌లో వాళ్ళకైతే 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉండనే ఉంది, అడిగి తెలుసుకోవచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి రూల్స్ వేరు, అక్కడ ఎఫ్‌సీసీ (వాళ్ళ రేడియో నియంత్రణ సంస్థ) రూల్స్ పార్ట్ 97లో ఒక క్లాజు ఉంటుంది, రిమోట్‌గా కంట్రోల్ చేసే స్టేషన్‌కి కంట్రోల్ లింక్ పాడైతే ట్రాన్స్‌మిషన్ 3 నిమిషాలు దాటకుండా ఏర్పాటు ఉండాలని. మీరు ఏ దేశంలో ఉన్నా ఆ 3 నిమిషాల లెక్క మనసులో పెట్టుకుని కట్టండి, చాలా మంచి లెక్క అది.

సామాను

కంప్యూటర్ గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు, ఈ పనికి పదేళ్ళ పాత ప్రాసెసర్ కూడా ఎక్కువే. చూడాల్సింది కరెంటు. పాత డెస్క్‌టాప్ ఊరికే ఉన్నప్పుడు కూడా 50, 60 వాట్లు తాగుతుంది, థిన్ క్లయింట్ 10, 15 వాట్లతో సరిపెట్టుకుంటుంది. 100 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉందనుకోండి, దాన్ని సగం దాకే వాడాలి కాబట్టి చేతిలో ఉన్నది 50 ఏహెచ్, డెస్క్‌టాప్ ఒక్కటే 5 ఆంప్స్ లాగితే ఇన్వర్టర్ నష్టంతో కలిపి పది గంటలు కూడా రాదు, థిన్ క్లయింట్ ఒక ఆంప్ దగ్గర ఉంటుంది కాబట్టి అది ఒక్కటే అయితే రోజున్నర పైన లాగుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వైజాగ్ మీద పడ్డప్పుడు కరెంటు, సెల్‌ఫోన్లు రెండూ పోయాయి, రిపీటర్ అక్కరకి రావాల్సింది సరిగ్గా అలాంటి రోజునే, ఆ రోజున బ్యాటరీ అంతా కంప్యూటర్ ఫ్యాన్ తిప్పడానికే పోతే ఇక రిపీటర్ పెట్టి ఏం లాభం.

అయితే డెస్క్‌టాప్‌లో ఒక సుఖం ఉంది, మదర్‌బోర్డు మీద నిజమైన సీరియల్ పోర్ట్ ఉంటుంది. చాలా థిన్ క్లయింట్లలో కూడా ఉంటుంది, కొనేముందు వెనక్కి తిప్పి 9 పిన్నుల పోర్ట్ ఉందో లేదో చూడండి. లేకపోతే యూఎస్‌బీ సీరియల్ కేబుల్ వాడొచ్చు, కాకపోతే రీబూట్ అయినప్పుడల్లా పోర్ట్ పేరు మారకుండా దాని బై-ఐడీ పేరుతోనే కాన్ఫిగ్‌లో రాయండి.

రేడియోలు రెండు కావాలి, ఒకటి వినడానికి ఒకటి పంపడానికి. సెకండ్‌హ్యాండ్ మోటరోలా మొబైల్ సెట్లు (ఫోన్లు కాదు, వాహనాల్లో బిగించే రేడియోలు) దొరికితే వదలొద్దు, వెనకాల యాక్సెసరీ కనెక్టర్‌లో పీటీటీ, ఆడియో, స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు గరగర వినపడకుండా మూసేది) అవుట్‌పుట్ అన్నీ ఉంటాయి. చాలా హ్యామ్ మొబైల్ సెట్లకైతే 6 పిన్నుల డేటా సాకెట్ ఉంటుంది, అందులో 1 ఆడియో లోపలికి, 2 గ్రౌండ్, 3 పీటీటీ, 4 ఫిల్టర్ కాని ఆడియో బయటికి, 5 మామూలు ఆడియో బయటికి, 6 స్క్వెల్చ్. పవర్ మాత్రం ఫుల్లుగా పెట్టకండి. మొబైల్ సెట్ తయారుచేసేది కాసేపు మాట్లాడి చాలాసేపు వినేవాడి కోసం, రిపీటర్‌లో సాయంత్రం నెట్ (ఇంటర్నెట్ కాదు, హ్యామ్‌లంతా ఒకే టైమ్‌కి గాలి మీద కలిసి మాట్లాడుకోవడం) నడిస్తే గంటసేపు క్యారియర్ దిగదు. 25 వాట్ల సెట్‌ని 10 వాట్లకి దించి హీట్‌సింక్ మీద ఒక 12 వోల్ట్ ఫ్యాన్ బిగించండి, రోహిణి కార్తెలో రేకుల షెడ్డులో ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు. 25 నుంచి 10కి దిగితే అవతల వినేవాడికి తేడా పెద్దగా తెలీదు, 4 డీబీనే.

డ్యూప్లెక్సర్ (ఒకే యాంటెన్నాతో వినడం, పంపడం రెండూ కుదిర్చే ఫిల్టర్) గురించి విడిగా ఇంకో పోస్ట్ రాయాలి, ఇక్కడ వదిలేస్తున్నా. కానీ కంప్యూటర్‌కి సంబంధించినది ఒకటుంది: ఎస్‌ఎంపీఎస్, మానిటర్, యూఎస్‌బీ కేబుళ్ళు అన్నీ శబ్దం కక్కుతాయి, అది నేరుగా మీ రిసీవర్‌లోకి పోతుంది. చెక్ చేయడం తేలిక, దూరం నుంచి ఎవరినైనా చాలా బలహీనమైన సిగ్నల్ ఇవ్వమనండి, స్క్వెల్చ్ పూర్తిగా తెరిచి వింటూ కంప్యూటర్‌ని ఆఫ్ చేసి ఆన్ చేయండి, ఆన్ చేసినప్పుడు గరగర పెరిగితే కంప్యూటర్‌ని రిసీవర్‌కి దూరంగా జరపండి, కేబుళ్ళకి ఫెర్రైట్ వేయండి, ఇనప క్యాబినెట్ మూత తీసేసి ఉంచకండి. అదే పరీక్ష ట్రాన్స్‌మిటర్‌ని ఆన్ ఆఫ్ చేస్తూ చేస్తే డీసెన్స్ (మన ట్రాన్స్‌మిటర్ వల్లే మన రిసీవర్‌కి చెవుడు రావడం) ఎంత ఉందో తెలుస్తుంది.

వైరింగ్

ఇది నిదానంగా చేయండి. సీరియల్ పోర్ట్‌లో మనకి కావాల్సినవి నాలుగు పిన్నులు, 4 డీటీఆర్, 5 గ్రౌండ్, 7 ఆర్‌టీఎస్, 8 సీటీఎస్.

పీటీటీకి ఆర్‌టీఎస్ వాడదాం. 7వ పిన్ నుంచి 4.7 కిలో ఓమ్ రెసిస్టర్, అక్కడి నుంచి బీసీ547 బేస్‌కి, ఎమిటర్ గ్రౌండ్‌కి, కలెక్టర్ రేడియో పీటీటీ లైన్‌కి. ఆర్‌టీఎస్ ఆఫ్‌లో ఉన్నప్పుడు సున్నాలో ఉండదు, మైనస్‌లోకి పోతుంది, మైనస్ 10, 12 దాకా కూడా, ఆ వోల్టేజ్ ట్రాన్సిస్టర్ బేస్ తట్టుకోదు కాబట్టి బేస్‌కి గ్రౌండ్‌కి మధ్య ఒక 1ఎన్4148 డయోడ్ పెట్టండి, గీత ఉన్న వైపు బేస్‌కి. రేడియో గ్రౌండ్‌నీ కంప్యూటర్ గ్రౌండ్‌నీ విడిగా ఉంచాలనుకుంటే ట్రాన్సిస్టర్ బదులు పీసీ817 ఆప్టోకప్లర్ వాడండి, టవర్ సైట్‌లో నేనైతే అదే వాడమంటా, రెండు గ్రౌండ్ల మధ్య వచ్చే హమ్ తగ్గుతుంది.

స్క్వెల్చ్ అవుట్‌పుట్ అంటే సిగ్నల్ వచ్చిందని రిసీవర్ చెప్పే లైన్, దాన్ని సీఓఎస్ అంటాం. చాలా సెట్లలో అది ఓపెన్ కలెక్టర్, అంటే కిందికి లాగగలదు గానీ పైకి నెట్టలేదు. కాబట్టి పైకి మనమే లాగాలి, డీటీఆర్‌ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచి అక్కడి నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్ సీటీఎస్‌కి పెట్టి సీఓఎస్ వైరు కూడా సీటీఎస్‌కే కలపండి. స్క్వెల్చ్ తెరుచుకున్నప్పుడు సీటీఎస్ సున్నాకి వస్తుంది, మూసుకున్నప్పుడు పైకి పోతుంది, ఉల్టాగా ఉందే అనుకోకండి, కాన్ఫిగ్‌లో పిన్ పేరు ముందు ఆశ్చర్యార్థకం గుర్తు పెడితే సరిపోతుంది.

సీఓఎస్ వైరు లాగే ఓపిక లేక వాక్స్ మీద నడిపేవాళ్ళు ఉన్నారు, అంటే ఆడియో శబ్దాన్ని బట్టి సిగ్నల్ ఉందని ఊహించడం. దయచేసి అలా చేయకండి. మాట మొదటి అక్షరం ఎగిరిపోతుంది, మాట్లాడేవాడు ఊపిరి పీల్చుకుంటే మూసుకుపోతుంది, గరగర వస్తే తెరుచుకుంటుంది. వైరు ఒక్కటే కదా.

ఆడియోకి 600 ఓమ్ 1:1 ట్రాన్స్‌ఫార్మర్లు రెండు కావాలి. కొత్తవి వెతుక్కోనక్కర్లేదు, పాత డయలప్ మోడెమ్ కార్డులు తుక్కు షాపులో దొరికితే వాటిలో ఉంటాయి. రిసీవర్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా కంప్యూటర్ లైన్ ఇన్‌కి, మైక్ ఇన్‌కి కాదు. కంప్యూటర్ లైన్ అవుట్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్, తర్వాత 10 కిలో ఓమ్ ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న వేరియబుల్ రెసిస్టర్), తర్వాత ట్రాన్స్‌మిటర్. రేడియో మైక్ ఇన్‌పుట్‌కి కావాల్సింది కొన్ని పదుల మిల్లీవోల్టులే, ప్రీసెట్ లేకుండా నేరుగా కలిపితే ఎంత తగ్గించినా చిరిగిపోయినట్టు వినపడుతుంది.

సాఫ్ట్‌వేర్

నేను చెప్పేది ఎస్‌వీఎక్స్‌లింక్ గురించి, స్వీడన్ హ్యామ్ టోబియాస్ బ్లోంబర్గ్ రాసింది, ఫ్రీ, ఓపెన్ సోర్స్, లినక్స్ మీద నడుస్తుంది. ఆల్‌స్టార్‌లింక్ కూడా ఉంది, జిమ్ డిక్సన్ ఆస్టరిస్క్ అనే టెలిఫోన్ ఎక్స్చేంజ్ సాఫ్ట్‌వేర్ మీద కట్టింది, చాలా రిపీటర్లని ఒకదానితో ఒకటి కలపాలంటే అది గట్టిది. ఒక్క రిపీటర్, ఒక్క కంప్యూటర్ అయితే ఎస్‌వీఎక్స్‌లింక్ కాన్ఫిగ్ చదివితే అర్థమవుతుంది, నాకు అదే ముఖ్యం, సైట్‌లో రాత్రి టార్చ్ లైట్ వేసుకుని సరిచేయాల్సింది మనమే కాబట్టి.

డెబియన్ వేయండి, డెస్క్‌టాప్ లేకుండా. డెస్క్‌టాప్ వేస్తే సౌండ్ కార్డుని పల్స్‌ఆడియోనో పైప్‌వైరో పట్టేసుకుంటుంది, తర్వాత గొడవ. ప్యాకేజీ పేరు ఎస్‌వీఎక్స్‌లింక్-సర్వర్, ఆప్ట్‌తో వచ్చేస్తుంది. మాటల ఫైళ్ళు విడిగా డౌన్‌లోడ్ చేసి సౌండ్స్ ఫోల్డర్‌లో విప్పాలి. ఎస్‌వీఎక్స్‌లింక్ యూజర్‌ని ఆడియో, డయల్‌అవుట్ గ్రూపుల్లో కలపడం మర్చిపోకండి, పోర్ట్ తెరవలేకపోతున్నా అని లాగ్‌లో ఏడుస్తుంటే ముందు చూడాల్సింది అదే.

కాన్ఫిగ్ ఫైల్ ఈటీసీ కింద ఎస్‌వీఎక్స్‌లింక్ ఫోల్డర్‌లో ఉంటుంది. పైన గ్లోబల్ సెక్షన్‌లో లాజిక్స్ దగ్గర సింప్లెక్స్‌లాజిక్ అని ఉంటే తీసేసి రిపీటర్‌లాజిక్ అని పెట్టండి. రిపీటర్‌లాజిక్ సెక్షన్‌లో మీ కాల్‌సైన్, షార్ట్ ఐడెంట్ ఇంటర్వెల్ 10 నిమిషాలు, లాంగ్ ఐడెంట్ 60 నిమిషాలు, లాంగ్ ఐడెంట్‌లో టైమ్ కూడా చెప్తుంది. ఐడిల్ టైమవుట్ అంటే అందరూ ఆపాక ఎన్ని సెకన్లకి క్యారియర్ దిగాలి అని, దీన్ని చాలామంది పెద్దగా పెడతారు, నేను చిన్నగా, 3 సెకన్ల దగ్గర పెట్టమంటా. ఎందుకంటే ట్రాన్స్‌మిటర్ టైమవుట్ లెక్క మొదలయ్యేది క్యారియర్ లేచినప్పుడు, మనిషి మారినప్పుడు కాదు, టెయిల్ (మాట ఆగాక క్యారియర్ ఉండే ఆ కొన్ని సెకన్లు) పడకుండానే ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ పోతే అందరూ కలిసి టైమవుట్ కొట్టించేస్తారు. టెయిల్ పడనిచ్చి మాట్లాడండి అని నెట్‌లో చెప్తూ ఉండాలి, అది వాడేవాళ్ళకి అలవాటవ్వాలి.

ఆర్ఎక్స్1 (రిసీవర్) సెక్షన్‌లో స్క్వెల్చ్ డిటెక్టర్ సీరియల్, పోర్ట్ టీటీవైఎస్0, పిన్ సీటీఎస్, ముందు ఆశ్చర్యార్థకంతో. సీరియల్ సెట్ పిన్స్ దగ్గర డీటీఆర్ అని రాస్తే అది ఎప్పుడూ పైనే ఉంటుంది, మనం రెసిస్టర్‌కి కావాలన్నది అదే. స్క్వెల్చ్ టైమవుట్ 180 సెకన్లు, ఎవరి పీటీటీ అయినా సీటు కింద నొక్కుకుపోయి ఉంటే ఇది కాపాడుతుంది. డీటీఎంఎఫ్ (కీప్యాడ్ నొక్కితే వచ్చే టోన్లు) మ్యూటింగ్ 1, లేకపోతే మీ కోడ్‌లు అవుట్‌పుట్ మీద ఊరంతా వినపడతాయి. టీఎక్స్1 (ట్రాన్స్‌మిటర్) సెక్షన్‌లో పీటీటీ టైప్ సీరియల్‌పిన్, పిన్ ఆర్‌టీఎస్, టైమవుట్ 300 సెకన్లు.

సీటీసీఎస్ఎస్ టోన్ (మాటతో పాటు వినపడకుండా పోయే గుర్తింపు టోన్) వాడతారు కదా, దాన్ని రేడియోలోనే డీకోడ్ చేయనివ్వండి, టోన్ ఉంటేనే సీఓఎస్ వచ్చేలా సెట్‌ని ప్రోగ్రామ్ చేస్తే సాఫ్ట్‌వేర్‌కి ఆ బాధ ఉండదు. సాఫ్ట్‌వేర్‌తోనే చేయాలంటే ఆడియో డిస్క్రిమినేటర్ (ఫిల్టర్లకి ముందు, ఎఫ్ఎం సిగ్నల్ ఆడియోగా మారే చోటు) నుంచి తీసుకోవాలి, స్పీకర్ ఆడియోలో 300 హెర్ట్జ్ కింద ఉన్నదంతా సెట్ కోసేస్తుంది, టోన్లు ఉండేదేమో 67 నుంచి 254 హెర్ట్జ్ మధ్య. డిస్క్రిమినేటర్ నుంచి తీసుకుంటే డీఎంఫసిస్ (పై టోన్లు తగ్గించడం) 1 పెట్టాలి, స్పీకర్ ఆడియో అయితే 0. పంపే వైపు కూడా అంతే, మైక్ ఇన్‌పుట్‌కి ఇస్తే ప్రీఎంఫసిస్ (పై టోన్లు పెంచడం) 0, నేరుగా మాడ్యులేటర్‌కి ఇస్తే 1. మాట బొంగురుగానో, సన్నగా కీచుగానో వస్తుంటే ఈ రెండిట్లో ఏదో తప్పు ఉన్నట్టు.

లెవెల్స్

ఆల్సామిక్సర్ (లినక్స్‌లో సౌండ్ లెవెల్స్ మార్చేది) తెరిచి ఆటో గెయిన్ కంట్రోల్ కనపడితే ముందు దాన్ని చంపేయండి. తర్వాత ప్లేబ్యాక్ వైపు లైన్ లేదా మైక్ అని ఉన్నవి మ్యూట్ చేయండి, అవి తెరిచి ఉంటే రిసీవర్ ఆడియో సాఫ్ట్‌వేర్‌ని తాకకుండా నేరుగా బయటికి పోతుంది, డీటీఎంఎఫ్ మ్యూటింగ్ పనిచేయట్లేదేంటి అని తల బద్దలుకొట్టుకుంటారు. సెట్ చేసింది ఆల్సాసీటీఎల్ స్టోర్‌తో సేవ్ చేయండి. ఆర్ఎక్స్1లో పీక్ మీటర్ 1 పెడితే ఆడియో తెగుతున్నప్పుడు లాగ్‌లో చెప్తుంది, అది రాకుండా ఉండేంతవరకు తగ్గించండి.

పంపే వైపు డీవియేషన్ (మాటకి ఫ్రీక్వెన్సీ ఎంత అటూ ఇటూ ఊగుతుందో అది) కొలవడానికి సర్వీస్ మానిటర్ ఎవరి దగ్గరుంటుంది చెప్పండి, అందుకే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌తో (కంప్యూటర్ యూఎస్‌బీకి గుచ్చే రేడియో రిసీవర్) బెసెల్ నల్ పద్ధతి. ఎఫ్ఎంలో ఒకే టోన్ పంపుతున్నప్పుడు డీవియేషన్ ఆ టోన్ ఫ్రీక్వెన్సీకి 2.405 రెట్లు అయినప్పుడు మధ్యలో క్యారియర్ మాయమవుతుంది, పక్కన ఉన్న సైడ్‌బ్యాండ్లు మాత్రం ఉంటాయి. 5 కిలోహెర్ట్జ్ డీవియేషన్ కావాలంటే 5000ని 2.405తో భాగించండి, 2079 హెర్ట్జ్. ట్రాన్స్‌మిటర్‌ని డమ్మీ లోడ్‌కి (యాంటెన్నా బదులు పవర్ మింగే రెసిస్టర్) కలిపి, ఆ టోన్‌ని కంప్యూటర్ నుంచి పంపుతూ, ఎస్‌డీఆర్ వాటర్‌ఫాల్ చూస్తూ ప్రీసెట్‌ని సున్నా నుంచి మెల్లగా పెంచండి, మధ్య గీత మొదటిసారి మాయమైన చోట ఆపండి, అదే 5 కిలోహెర్ట్జ్. సున్నా నుంచే మొదలుపెట్టాలి ఎందుకంటే ఇంకా పెంచితే మళ్ళీ వచ్చి రెండోసారి కూడా మాయమవుతుంది. ఎస్‌వీఎక్స్‌లింక్‌తో పాటు డెవ్‌కాల్ అనే టూల్ వస్తుంది, టోన్ పంపే పని అదే చేస్తుంది. ఒక చిన్న ప్రీసెట్ తిప్పి, చేతిలో ఉన్న డాంగిల్‌తో ల్యాబ్‌లో చేసినంత కచ్చితంగా సెట్ చేయడం చూస్తే ఎంత సంతోషంగా ఉంటుందో, చేసి చూడండి.

కంట్రోల్ కోడ్‌లు

ఇక వాడకం. హ్యాండీ మీద 1# కొడితే ప్యారట్, మీరు మాట్లాడింది మీకే తిరిగి వినిపిస్తుంది, కొత్తవాళ్ళు తమ ఆడియో చెక్ చేసుకోవడానికి చాలా ఉపయోగం. 0# హెల్ప్, ఉత్త # కొడితే ఆ మాడ్యూల్ (ప్యారట్, హెల్ప్ లాంటి విడి భాగం) నుంచి బయటికి. రిపీటర్‌ని ఆపడానికి ఆన్‌లైన్ కమాండ్ అని ఒక లైన్ ఉంది, అక్కడ మీ రహస్య నంబర్ పెడితే దాని చివర 0 కలిపి కొడితే ఆగుతుంది, 1 కలిపి కొడితే మళ్ళీ మొదలవుతుంది. ఉదాహరణలో ఉన్న నంబర్‌నే ఉంచేయకండి, అది ప్రపంచమంతా తెలుసు.

మ్యూటింగ్ పెట్టినా సరే, మీ హ్యాండీ నుంచి రిపీటర్‌కి వెళ్ళే ఇన్‌పుట్ ఫ్రీక్వెన్సీని దగ్గర్లో ఎవరైనా వింటుంటే కోడ్ వాళ్ళకి దొరికినట్టే. అందుకే గాలి మీద కొట్టే కోడ్‌తో చిన్న పనులే పెట్టుకోండి, పెద్ద పనులు ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి కంప్యూటర్‌లోకి లాగిన్ అవ్వడం) ద్వారా. డీటీఎంఎఫ్ కంట్రోల్ పీటీవై అనే సెట్టింగ్‌కి ఒక ఫైల్ పేరు ఇస్తే, కంప్యూటర్‌లో ఎకో కమాండ్‌తో ఆ ఫైల్‌లోకి నంబర్లు రాస్తే హ్యాండీ మీద కొట్టినట్టే తీసుకుంటుంది. క్రాన్‌లో (టైమ్ ప్రకారం కమాండ్లు నడిపేది) పెట్టుకుంటే రోజూ సాయంత్రం నెట్ టైమ్‌కి ఏదైనా మాడ్యూల్ దానంతట అదే ఆన్ అవుతుంది. సైట్‌లో 4జీ డాంగిల్ అయితే బయటి నుంచి నేరుగా లాగిన్ అవ్వలేరు, ఆపరేటర్లు పబ్లిక్ ఐపీ ఇవ్వరు, కాబట్టి రిపీటర్ కంప్యూటరే బయటికి వైర్‌గార్డ్ టన్నెల్ (వీపీఎన్) వేసుకునేలా పెట్టండి. పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి కీ మాత్రమే ఉంచండి.

ఎకోలింక్ (హ్యామ్ స్టేషన్లని ఇంటర్నెట్ మీదుగా కలిపే సాఫ్ట్‌వేర్) గురించి అడుగుతారు. 2002లో జోనథన్ టేలర్ తెచ్చింది, ఎస్‌వీఎక్స్‌లింక్‌లో మాడ్యూల్‌గా ఉంది, యూడీపీ 5198, 5199, టీసీపీ 5200 పోర్టులు తెరవాలి. పెట్టడం పది నిమిషాల పని. కానీ రేడియోని ఇంటర్నెట్‌తో కలపడం లైసెన్స్ కండిషన్ల విషయం, మీ రిపీటర్ లైసెన్స్‌లో దానికి అనుమతి ఉంటే తప్ప ఆ మాడ్యూల్‌ని లిస్ట్‌లోంచి తీసేసి ఉంచండి.

కంప్యూటర్ ఆగితే

ఇప్పుడు మొదట్లో చెప్పిన అసలు పని. మూడు కాపలాలు కావాలి, ఒకదానికి ఇంకోదానితో సంబంధం ఉండకూడదు.

మొదటిది సాఫ్ట్‌వేర్ టైమవుట్లు, పెట్టేశాం. రెండోది ట్రాన్స్‌మిటర్ రేడియోలోనే ఉండే టైమవుట్ టైమర్, ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో సాఫ్ట్‌వేర్ 300 సెకన్ల కంటే కొంచెం ఎక్కువగా పెట్టండి. కంప్యూటర్ కాలిపోయినా ఇది పనిచేస్తుంది. కానీ కొన్ని సెట్లలో పీటీటీ ఒకసారి వదిలి పట్టుకుంటే మళ్ళీ మొదటి నుంచి లెక్క మొదలవుతుంది, కంప్యూటర్ పదే పదే రీబూట్ అవుతూ ఉంటే ప్రతిసారీ క్యారియర్ లేస్తుంది. ఎందుకంటే లినక్స్ సీరియల్ పోర్ట్ తెరిచిన క్షణంలో ఆర్‌టీఎస్, డీటీఆర్ రెండూ ఆన్ అవుతాయి, దీన్ని ఆపడం కష్టం. అందుకే మూడోది, గుండె చప్పుడు రిలే.

దీని ఆలోచన ఇది: ట్రాన్స్‌మిటర్‌కి వెళ్ళే 13.8 వోల్టుల లైన్‌లో ఒక రిలే, మామూలుగా తెరిచి ఉండే కాంటాక్ట్ మీద. కంప్యూటర్ అర సెకనుకోసారి ఒక పిన్‌ని పైకీ కిందికీ ఆడిస్తూ ఉంటేనే రిలే పట్టుకుంటుంది. పిన్ పైన ఆగిపోయినా కింద ఆగిపోయినా రిలే వదిలేస్తుంది, ట్రాన్స్‌మిటర్‌కి కరెంటే ఉండదు.

కట్టడం ఎలాగంటే, రెండో సీరియల్ పోర్ట్ ఆర్‌టీఎస్ నుంచి 470 ఓమ్, తర్వాత 10 మైక్రోఫారడ్ నాన్‌పోలార్ కెపాసిటర్, దాని అవతలి కాలు దగ్గర రెండు 1ఎన్4148లు, ఒకటి గ్రౌండ్ నుంచి ఆ కాలు వైపు, రెండోది ఆ కాలు నుంచి 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ప్లస్ వైపు, ఆ కెపాసిటర్ మైనస్ గ్రౌండ్‌కి. దానికి అడ్డంగా 220 కిలో ఓమ్. ఆ ప్లస్‌ని ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ గేట్‌కి ఇవ్వండి, సోర్స్ గ్రౌండ్‌కి, డ్రెయిన్ నుంచి కారు హెడ్‌లైట్ రిలే కాయిల్, కాయిల్ ఇంకో చివర 12 వోల్టులకి, కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 ఉల్టాగా. పిన్ ఆడుతున్నంతసేపు చిన్న కెపాసిటర్ ఒక్కో దోసిలి నీళ్ళు మోసి పెద్ద కుండలో పోసినట్టు చార్జ్ పోస్తూ ఉంటుంది, 220 కిలో ఓమ్ ఆ కుండకి ఉన్న చిల్లు, పోయడం ఆగితే సుమారు అర నిమిషంలో రిలే పడిపోతుంది. 3 నిమిషాల లెక్కకి చాలా లోపలే ఉన్నాం.

పిన్‌ని ఆడించే స్క్రిప్ట్ ఉత్తగా ఆడిస్తూ పోతే లాభం లేదు, ఎస్‌వీఎక్స్‌లింక్ చచ్చిపోయినా స్క్రిప్ట్ బతికే ఉంటుంది. ప్రతిసారీ ఎస్‌వీఎక్స్‌లింక్ ప్రాసెస్ ఉందా అని చూసి, ఉంటేనే ఆడించాలి. ఇంకో షరతు కూడా కలపండి, ఫలానా పేరుతో ఒక ఫైల్ ఉంటే ఆడించకూడదు అని. అప్పుడు ఎస్ఎస్‌హెచ్‌లో ఆ ఫైల్ ఒకటి సృష్టిస్తే ట్రాన్స్‌మిటర్ పవర్ పోతుంది, ఇది మీకు కోడ్‌తో సంబంధం లేని రెండో స్విచ్. బూట్ అయ్యేటప్పుడు పీటీటీ ఎగిరిపడే సమస్య కూడా పోతుంది, స్క్రిప్ట్‌ని ఎస్‌వీఎక్స్‌లింక్ తర్వాతే మొదలుపెడతాం కాబట్టి అప్పటిదాకా రిలే పట్టుకోదు. ఒక్కటి చూసుకోండి, 13.8 తిరిగి రాగానే రేడియో ఎవరూ బటన్ నొక్కకుండా తనంతట తాను ఆన్ అవ్వాలి, కొన్ని సెట్లలో దీనికి ఇగ్నిషన్ లైన్ కలపాలి, కొన్నింట్లో ప్రోగ్రామింగ్‌లో ఉంటుంది.

ఇంటర్నెట్ కూడా లేనప్పుడు ఆపాలంటే? ఇంకో ఫ్రీక్వెన్సీ మీద చిన్న రిసీవర్ ఒకటి, దానికి ఎంటీ8870 డీటీఎంఎఫ్ డీకోడర్ చిప్, ఒక ఆర్డ్యునో, అదే రిలే లైన్‌లో ఇంకో రిలే. ఖర్చు పెద్దది కాదు, కంప్యూటర్‌తో ఏ సంబంధమూ లేదు. కొండ మీద సైట్ అయితే ఇది తప్పనిసరి అనే నా అభిప్రాయం.

అన్నీ కట్టాక డమ్మీ లోడ్ మీదే పరీక్షించండి, యాంటెన్నా తర్వాత. నడుస్తుండగా ఎస్‌వీఎక్స్‌లింక్‌ని కిల్ చేయండి, రిలే పడిందా చూడండి. కంప్యూటర్ పవర్ వైరు పీకేయండి. సీరియల్ కేబుల్ పీకేయండి. పీటీటీ వైరుని గ్రౌండ్‌కి తాకించి పట్టుకుని రేడియో టైమర్ ఎంతసేపటికి కొడుతుందో వాచీ పెట్టుకుని చూడండి. ఇవన్నీ చేసి చూశాకే టవర్ ఎక్కించండి.

కరెంటు, తెలుగు గొంతు, ఇంకొన్ని

కంప్యూటర్ బయాస్ సెటప్‌లో ఏసీ పవర్ పోయి వస్తే ఏం చేయాలి అనే సెట్టింగ్ ఉంటుంది, పవర్ ఆన్ అని పెట్టండి, లేకపోతే కరెంటు వచ్చినా కంప్యూటర్ అలాగే పడుంటుంది. మదర్‌బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ కొత్తది వేయండి, అది అయిపోతే బయాస్ సెట్టింగులు పోవచ్చు, టైమ్ ఎలాగూ పోతుంది, ఇంటర్నెట్ లేని సైట్‌లో గంట గంటకీ తప్పు టైమ్ చెప్తూ ఉంటుంది. తిరిగే హార్డ్ డిస్క్ వద్దు, చిన్న ఎస్ఎస్‌డీ వేయండి.

నాకు బాగా ఇష్టమైన భాగం తెలుగు గొంతు. అనౌన్స్‌మెంట్లన్నీ చిన్న చిన్న వేవ్ ఫైళ్ళు, 16 కిలోహెర్ట్జ్ మోనో. సౌండ్స్ ఫోల్డర్‌లో ఇంగ్లీష్ ఫోల్డర్ పక్కనే తెలుగుకి ఒకటి చేసి, అవే పేర్లతో మన గొంతుతో రికార్డ్ చేసి పెట్టి, డిఫాల్ట్ లాంగ్వేజ్ దగ్గర ఆ ఫోల్డర్ పేరు ఇస్తే రిపీటర్ తెలుగులో మాట్లాడుతుంది. అంకెలు కూడా చక్కగా కుదురుతాయి, సాఫ్ట్‌వేర్ 20 పైన ఉన్న నంబర్లని పది, ఒకటి స్థానాలు విడిగా పలికి కలుపుతుంది, మన ఇరవై ఒకటి, ముప్పై నాలుగు కూడా అలాగే కలుస్తాయి, 11 నుంచి 19 దాకా విడివిడి ఫైళ్ళు ఎలాగూ ఉంటాయి. వాక్యం వరస మార్చాలంటే టీసీఎల్ స్క్రిప్టులు ఈవెంట్స్ కింద లోకల్ అనే ఫోల్డర్‌లోకి కాపీ చేసి అక్కడే మార్చండి, అసలు ఫైళ్ళు ముట్టుకుంటే తర్వాతి అప్‌డేట్‌లో పోతాయి. కాల్‌సైన్ మాత్రం ఇంగ్లీష్ అక్షరాలతో స్పష్టంగా, లేదా మోర్స్‌లో.

అంతా కుదిరిన రోజునే ఎస్ఎస్‌డీని పూర్తిగా ఇంకో ఎస్ఎస్‌డీకి క్లోన్ చేసి, దాని మీద తేదీ రాసి, సైట్‌లో క్యాబినెట్ లోపలే ఒక కవర్‌లో పెట్టేయండి. కాన్ఫిగ్ ఫోల్డర్, ఆల్సా సెట్టింగులు, గుండె చప్పుడు స్క్రిప్ట్ ఒక పెన్‌డ్రైవ్‌లో ఇంట్లో. వైరింగ్ బొమ్మ చేత్తో గీసి, ఏ పిన్ ఎక్కడికి పోతుందో రాసి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి క్యాబినెట్ తలుపు లోపలి వైపు అతికించండి, తర్వాత సైట్‌కి వెళ్ళేది మీరే కాకపోవచ్చు.